‘ఏదో ఇలా’ రహిత పట్టణం

కోరుమెరకలో అరవై దాటినవాళ్ళెవరూ బాగుండరు. జబ్బులుండి కాదు, జబ్బులు ఏ ఊళ్ళోనైనా ఉంటాయి. బాగున్నామని పైకి చెప్పడం అక్కడ అలవాటు లేదు. "బాగున్నారా?" అని అడిగితే "ఏం బాగు, ఏదో ఇలా ఉన్నాం" అంటారు. పొద్దున్నే కాలవగట్టు చివరిదాకా నడిచొచ్చినవాడూ అదే అంటాడు, మంచం దిగలేనివాడూ అదే అంటాడు. ఆ తర్వాత ఒక నిట్టూర్పు. ఆ వెనక మోకాళ్ళు, నడుము, నిద్ర, అరుగుదల వరసగా వస్తాయి. వినేవాళ్ళు విని తమవి చెబుతారు. దాన్ని ఆ ఊళ్ళో పలకరింపు అంటారు.

ఈ సంగతి సూరాంబకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేరి, ఎక్స్ఛేంజీకి తాళం పడేదాకా పనిచేసి రిటైరైంది. ట్రంకు కాల్ మూడు నిమిషాలుండే రోజుల్లో అందులో రెండు నిమిషాలు మోకాళ్ళకే పోయేవి. ఊళ్ళోవాళ్ళ మాటలు వినకూడదని రూలు. వినకపోతే లైను కలిసిందో లేదో తెలియదు కాబట్టి ఆవిడ వినేది. ఆ ఉద్యోగంలో ఆవిడ నేర్చుకున్నది ఒకటుంది. అవతలివాళ్ళు "ఏదో ఇలా ఉన్నాం" అన్నారంటే ఇంటిల్లిపాదీ క్షేమం. "మేమంతా బాగున్నాం, నువ్వేం కంగారుపడకు" అన్నారంటే ఎవరో పోయారు.

సూరాంబకి ఇప్పుడు డెబ్భై దాటాయి. బీపీ ఉంది. అప్పుడప్పుడు కళ్ళు తిరుగుతాయి. మునిసిపల్ డిస్పెన్సరీలో గురువారం గురువారం డాక్టర్ కామేశం పెద్దవాళ్ళని చూసేవాడు. ఊళ్ళో దాన్ని గురువారం ఓపీ అనేవారు. డాక్టరు రావడానికి రెండు గంటల ముందే జనం వచ్చి వరండాలో సిమెంటు బల్ల మీద కూర్చునేవాళ్ళు. అసలు వైద్యం ఆ బల్ల మీదే జరుగుతుందని సూరాంబ పక్కింటి నాంచారమ్మ అనేది. నాంచారమ్మవి మోకాళ్ళు.

లోపల కామేశం చేసేది చేతికి పట్టీ కట్టడం, అంకె చూడడం, మాత్ర మార్చడం. సూరాంబ ఆ అంకె కోసం వెళ్ళేది. పోయినేడు ఆ అంకె చూపించుకోకుండా నెల గడిపి స్నానాల గదిలో పడింది. నుదుటి మీద కుట్ల గుర్తు ఇంకా ఉంది.

"మామ్మగారూ, మీకు మాత్ర కన్నా కొలవడం ముఖ్యం," అని కామేశం చెప్పాడు. "గురువారం తప్పారంటే నా దగ్గరికి కాదు, పెద్దాసుపత్రికి వెళతారు. అదీ పడుకుని."

సూరాంబ గురువారం తప్పలేదు.

అలా ఉండగా క్షేమ సూచి వచ్చింది.

పట్టణాల్లో పెద్దవాళ్ళు ఎంత ఆరోగ్యంగా ఉన్నారో కొలిచి, పట్టణాలకు ర్యాంకులివ్వాలని పైన నిర్ణయం జరిగింది. దాని పేరు ‘వయోసంపన్నుల క్షేమ సూచి’. వృద్ధులు అనే మాట నిరుత్సాహం కలిగిస్తోందని కమిటీ అభిప్రాయపడినందువల్ల వాళ్ళు వయోసంపన్నులయ్యారు. కొలిచే పద్ధతి సులువుగా ఉండాలన్నారు. రక్తం, మూత్రం, ఎక్స్‌రే ఇవన్నీ ఆలస్యమని, మనిషిని అడిగితే సరిపోతుందని తేల్చారు. వార్డు ఆరోగ్య కార్యదర్శి ఇంటింటికీ వెళ్ళి "బాగున్నారా?" అని అడగాలి. ఫోన్లోని యాప్‌లో రెండు మీటలుంటాయి: ‘బాగున్నాను’, ‘బాగులేను’. మొదటి మాట స్పష్టంగా వినబడకపోతే రెండోది నొక్కాలి.

సూరాంబ ఉండే వార్డుకి కార్యదర్శి సుహాసిని. ఉద్యోగానికి కొత్త.

"బాగున్నారా మామ్మగారూ?"

"ఏం బాగు తల్లీ, ఏదో ఇలా ఉన్నాను. కూర్చో."

"అలా కాదండీ. బాగున్నారా, లేదా?"

"అదే చెబుతున్నాగా. రాత్రి ఏమైందంటే..."

"రాత్రి సంగతి యాప్‌లో లేదండీ. బాగున్నానంటారా, బాగులేనంటారా? రెంట్లో ఒకటి చెప్పండి."

"బాగున్నానని నా నోటితో నేనెలా అంటానే? దిష్టి కొట్టదూ? బాగులేనని అనడానికి మాత్రం నాకేం వచ్చిందనీ?"

సుహాసిని రెండోది నొక్కింది.

కోరుమెరకలో వయోసంపన్నులు ఒక్కరు కూడా బాగులేరని తేలింది. ఆ యేడు వరదలో మునిగిన పట్టణం కూడా కోరుమెరక కన్నా పైన నిలిచింది. మిగతా ఊళ్ళలో పెద్దవాళ్ళను అడిగినా ఇదే చెప్పేవాళ్ళు. అక్కడి కార్యదర్శులు అడగలేదు. ఆఫీసులో కూర్చుని మొదటి మీట నొక్కారు. కోరుమెరకలో సుహాసిని నిజంగా ఇళ్ళకు వెళ్ళడంతో, ఆమెను చూసి తక్కిన వార్డులవాళ్ళు కూడా వెళ్ళాల్సి వచ్చింది.

కమిషనర్ విశ్వంభరరావు వీడియో సమావేశంలో అందరికన్నా చివరి గడిలో కనిపించాడు. మర్నాడు సిబ్బందిని పిలిచాడు.

"మన పట్టణంలో ఆరోగ్యానికి లోటు లేదు," అన్నాడు. "ఆరోగ్య ప్రకటనకు లోటుంది. ఉన్న ఆరోగ్యం నోటి ద్వారా బహిర్గతం కావడం లేదు. దీన్ని క్షేత్రస్థాయిలో, యుద్ధప్రాతిపదికన సరిదిద్దాలి."

"అంటే ఏం చేద్దామండీ?" అన్నాడు శానిటరీ ఇన్‌స్పెక్టరు.

"ఆ మాటను నిర్మూలిద్దాం. దోమల్ని నిర్మూలించలేదూ?"

దోమల సంగతి అక్కడెవరూ ఎత్తలేదు.

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. ‘ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, పట్టణ పరిధిలోని వయోసంపన్నులు కుశలప్రశ్నలకు సమాధానముగా "ఏదో ఇలా" అను పదబంధమును గాని, తత్సమానములైన "అలా నడుస్తోంది", "చూస్తున్నారుగా", "ఇంకా ఉన్నాను" మున్నగువానిని గాని వాడరాదు. నిట్టూర్పు సైతము సమాధానముగానే పరిగణింపబడును.’ సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు. ‘ఏదో ఇలా’ రహిత పట్టణంగా కోరుమెరకను తీర్చిదిద్దుకుందాం. ఫ్లెక్సీలో విశ్వంభరరావు నవ్వుతున్నాడు.

పెద్దవాళ్ళకి కల్యాణ మండపంలో ‘ప్రత్యుత్తర శిక్షణ శిబిరం’ పెట్టారు. సిటీ నుంచి ఒక వెల్‌నెస్ కోచ్ వచ్చాడు. మైకు చెవికి తగిలించుకుని, స్టేజీ మీద నిలబడకుండా తిరుగుతూ మాట్లాడాడు.

"ఛాతీ విప్పండి! కడుపులోంచి రావాలి! నాతో అనండి. బాగున్నాను!"

"బాగున్నాను," అన్నారు మండపంలో వాళ్ళంతా. అని, ఎడంపక్కకి తిరిగి థూ థూ థూ అన్నారు.

కోచ్ తిరగడం మానేశాడు. "అమ్మా, ఉమ్ముతున్నారెందుకు?"

"దిష్టి పోవద్దూ?" అంది నాంచారమ్మ ముందు వరసలోంచి. "నువ్వనమన్నది అన్నాం. అన్నదానికి విరుగుడు మేం చేసుకోవద్దూ?"

"సైన్సులో దిష్టి లేదమ్మా."

"లేదనే కదా బాబూ, మేం చూసుకోవాల్సొస్తోంది."

శిబిరం సాగినన్నాళ్ళూ పద్ధతి అదే. ఒక బాగున్నానుకి మూడు ఉమ్ములు. శానిటరీ ఇన్‌స్పెక్టరు లేచి, బహిరంగంగా ఉమ్మడం నిషేధమని, ఇలాగైతే శుభ్రతలో పట్టణానికి ఉన్న ర్యాంకు పోతుందని కమిషనర్‌కి రాసుకున్నాడు. క్షేమ సూచి విభాగం ఉమ్మకపోతే వాళ్ళు బాగున్నామనరని రాసింది. రెండు కాగితాలూ ఒకే బల్ల మీద కొన్నాళ్ళున్నాయి. చివరికి వీధి మలుపుల్లో సిమెంటు తొట్టెలు కట్టించారు. ఆకుపచ్చ రంగు వేసి, ‘దిష్టి తొట్టె. బాగున్నాను అనిన పిమ్మట మాత్రమే వాడవలెను’ అని రాయించారు. మామూలుగా ఉమ్మాలనుకున్నవాళ్ళు కూడా ముందు బాగున్నాను అని గట్టిగా అనాల్సి వచ్చేది. బీడీలు కాల్చేవాళ్ళు రోజంతా అంటూనే ఉండేవాళ్ళు. అది కూడా లెక్కలోకి వచ్చింది.

ఆ తర్వాత మూలుగుల సమస్య వచ్చింది. పైనుంచి పరిశీలనకొచ్చిన ఒకాయన, ఇక్కడి వయోసంపన్నులు నోటితో బాగున్నానంటూ, కూర్చునేటప్పుడూ లేచేటప్పుడూ "అమ్మా" అంటున్నారని, దానివల్ల నోటిమాట మీద అనుమానం కలుగుతోందని రాసి వెళ్ళాడు. విశ్వంభరరావు రెండో ఉత్తర్వు ఇచ్చాడు. మతభేదం లేకుండా అమ్మా, అయ్యో, రామా, ప్రభువా, యా అల్లా అన్నిటి బదులు ఇకమీదట ‘ఆహా’ అనాలి.

రిటైరైన బస్సు డ్రైవరు లూకయ్య శిబిరంలో చెయ్యెత్తాడు. ఆయనకి నడుము నొప్పి.

"నేను కుర్చీలోంచి లేవడానికి చాలాసేపు పడుద్ది సార్. అంతసేపూ ఆహా, ఆహా అంటా ఉంటే ఇంట్లో కోడలేమనుకుంటాది?"

"ఆనందంగా ఉన్నారనుకుంటుంది," అన్నాడు కోచ్.

"ఆయమ్మ వంట తెలిసినోళ్ళు అలా అనుకోరు సార్."

ఇంత చేసినా సర్వేలో మళ్ళీ ఎవరూ మాట మార్చేవాళ్ళు కాదు. మండపంలో చెప్పింది మండపంలో వదిలేసి, ఇంటికొచ్చినవాళ్ళకి ఏదో ఇలా ఉన్నాం అనే చెప్పేవాళ్ళు. కానీ ఈలోగా సుహాసినికి మెమో ఇచ్చారు. ‘మీ వార్డు ప్రజల అనారోగ్యమునకు మీపై ఏల చర్య తీసుకొనరాదో తెలుపుడు.’ ఆ సంగతి నాంచారమ్మ నోటబడింది. సాయంత్రానికి ఊరంతా తెలిసింది.

"ఆ పిల్ల ఉద్యోగం మన మోకాళ్ళ మీద ఆధారపడిందటే వదినా," అంది నాంచారమ్మ.

"అంటే పోయిందన్నమాటే," అంది సూరాంబ.

ఈసారి సుహాసిని వచ్చి అడిగితే సూరాంబ కళ్ళు మూసుకుని "బాగున్నాను" అంది. అని, పిల్లని అక్కడే నిలబెట్టి, లోపలికెళ్ళి ఉప్పు తెచ్చి తనకి తానే దిగదుడుచుకుంది. ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ అదే జరిగింది.

కోరుమెరకకి మొదటి ర్యాంకు వచ్చింది. నూటికి నూరు. ఫ్లెక్సీ మార్చారు. విశ్వంభరరావు ఈసారి ఇంకా పెద్దగా నవ్వుతున్నాడు.

తర్వాతి గురువారం సూరాంబ, నాంచారమ్మ డిస్పెన్సరీకి వెళితే వరండాలో బల్ల లేదు. డాక్టరు గది తలుపు మీద కాగితం అంటించి ఉంది. ‘పట్టణమున రోగులు లేనందున వయోసంపన్నుల ఓపీ రద్దు చేయడమైనది.’ డాక్టర్ కామేశాన్ని ఇప్పుడు ఆఖరి ర్యాంకులో ఉన్న తూర్పులంకకి వేశారు. గదిలో ‘ఆనంద కేంద్రం’ పెట్టారు. ఆనంద కేంద్రంలో ఒక అట్టబొమ్మ ఉంది. పరుగెడుతున్న మనిషి బొమ్మ. తల ఉండాల్సిన చోట కంత ఉంది. వెనక నిలబడి కంతలో మొహం పెడితే ఫోటో తీస్తారు.

"ఇందులో తల పెట్టాలంటే వంగాలి," అంది నాంచారమ్మ. "వంగగలిగితే ఇక్కడికెందుకొస్తాం?"

సూరాంబ మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళింది. విశ్వంభరరావు ఆవిణ్ణి కూర్చోబెట్టాడు. మర్యాదస్తుడు.

"బీపీ కొలిపించుకోవాలి బాబూ. నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

"మీకు కళ్ళు తిరుగుతున్నాయని మీరంటున్నారు. రికార్డు ప్రకారం తిరగడం లేదు."

"తిరిగేవి నా కళ్ళు కదా బాబూ?"

"వ్యక్తిగతంగా మీవే. గణాంకపరంగా పట్టణానివి." ఆయన ముందుకు వంగాడు. "అమ్మా, మీరు ఒక్కరు బాగులేరనుకోండి. నూటికి నూరు పోతుంది. నూటికి నూరు పోతే మొదటి ర్యాంకు పోతుంది. అప్పుడు పట్టణమంతా బాధపడుతుంది. అంటే మీ ఒక్కరి కళ్ళ వల్ల అందరి ఆరోగ్యమూ దెబ్బతింటుంది. ఇది ప్రజారోగ్య సమస్య."

"పోనీ నేను బాగానే ఉన్నాను. ఊరికే కొలవమనండి."

"బాగున్నవారికి కొలవడానికి నిబంధనలు ఒప్పుకోవు. రోగి అని ఒక్క పేరైనా నమోదైతే, ఆ పేరు మీద ఓపీ తెరవాలి, నయమయ్యేదాకా నడపాలి. రోగి నమోదు కావాలంటే ‘బాగులేను’ మీట నొక్కాలి. మన పట్టణంలో ఆ మీట ఎవరూ నొక్కరు."

"ఎందుకు నొక్కరు?"

"అందరూ బాగున్నారు కాబట్టి."

సూరాంబ లేచింది. అలవాటుగా "అమ్మా" అంది. విశ్వంభరరావు గోడమీద ‘ఆహా’ అని రాసి ఉన్న బోర్డు వైపు చూశాడు. "ఆహా," అని దిద్దుకుని ఆవిడ బయటికొచ్చింది.

ఆఫీసు మెట్లు దిగుతుంటే వీధి కాస్త పక్కకి ఒరిగింది. ఆవిడ రెయిలింగు పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది. కాసేపటికి ఫోను తీసి నాంచారమ్మకి చేసింది.

"నాంచారూ, నేను బాగున్నానే. నువ్వేం కంగారుపడకు."

అవతల గిన్నె కిందపడిన చప్పుడు వినబడింది. నాంచారమ్మ ఏడుస్తూ, లూకయ్యని వెంటబెట్టుకుని, ఆటోలో వచ్చింది. ఆటో దిగి మెట్లదాకా పరుగెత్తింది. పరుగెత్తిన సంగతి తర్వాత ఎవరు చెప్పినా ఒప్పుకోలేదు.

"చచ్చిపోయావనుకున్నాను కదే వదినా! బాగున్నానంటావా? అదేం మాటే, ఫోన్లో అనాల్సిన మాటేనా?"

"ఉత్తర్వే," అంది సూరాంబ.

అదే ఆటోలో తూర్పులంక వెళ్ళారు. దారి పొడుగునా గోతులు. కామేశం పట్టీ కట్టి అంకె చూసి, మళ్ళీ కట్టి మళ్ళీ చూశాడు. మాత్ర మార్చాడు. వారం వారం చూసి తీరాలన్నాడు. ఇంత దూరం వస్తే ప్రయాణానికే పెరుగుతుందన్నాడు. అందువల్ల వారం వారం రావద్దన్నాడు.

"మరేం చెయ్యమంటారు?"

"నన్ను అక్కడికి రప్పించుకోండి మామ్మగారూ. ఇక్కడ కూడా నాకు పని అయిపోవచ్చింది. ఈ ఊళ్ళో కూడా శిబిరం మొదలెట్టారు."

ఇంతలో మొదటి ర్యాంకు నిజమైనదో కాదో చూడడానికి రాజధాని నుంచి మూల్యాంకన బృందం వస్తున్నట్టు తెలిసింది. బృందానికి అధ్యక్షుడు కృపానిధి గారు. పెద్ద హోదాలో రిటైరై, ఈ సూచికి నిబంధనలు రాసింది ఆయనే. కల్యాణ మండపంలో సభ. స్టేజీ మీద పట్టణం తరపున ఒక వయోసంపన్నురాలు మైకులో జవాబివ్వాలి. విశ్వంభరరావు సూరాంబని ఎంపిక చేశాడు. ఆపరేటరుగా చేసిన గొంతు, ప్రతి అక్షరమూ వినబడుతుందన్నాడు. సూరాంబ ఒప్పుకుంది. ఆవిడ ఎందుకొప్పుకుందో నాంచారమ్మకి మాత్రమే తెలుసు. బాగులేను అనడానికి ఆ మైకే సరైందని సూరాంబ అనుకుంది.

సభ రోజు పొద్దున్న సుహాసిని వచ్చింది. స్టేజీ మీద యాప్ పట్టుకుని నొక్కాల్సింది ఆమే.

"మామ్మగారూ, మీరు ఏదంటే అదే నొక్కుతాను. నాకోసం ఏం చూసుకోకండి."

సూరాంబ ఆ పిల్ల వంక చూసింది. ఇలా అనకుండా బతిమాలుకుని ఉంటే తన పని తేలికయ్యేదని అనుకుంది.

మండపం నిండింది. కృపానిధి గారు స్టేజీ మెట్లు ఎక్కడానికి ఆలస్యమైంది. కుడిచెయ్యి కదిలించకుండా ఎడంచేత్తోనే దండలు అందుకున్నాడు. విశ్వంభరరావు నివేదిక చదివాడు. "వార్ధక్యం ఒక అవస్థ కాదు, ఒక అవకాశం. ఆ అవకాశాన్ని మా పట్టణం సద్వినియోగం చేసుకున్నదని సగర్వంగా మనవి చేస్తున్నాను." చప్పట్లు అయ్యాక కృపానిధి గారు మైకు తీసుకుని, సూరాంబ వైపు తిరిగి, నిబంధన ప్రకారం అడిగాడు.

"అమ్మా, బాగున్నారా?"

మైకు ఆవిడ చేతికొచ్చింది. విశ్వంభరరావు పెదాలు ఆ మాటని చప్పుడు లేకుండా అంటున్నాయి. సుహాసిని వేలు ఫోను మీద ఉంది. బాగున్నానంటే తనకి డాక్టరు లేడు. బాగులేనంటే ఆ పిల్లకి ఉద్యోగం లేదు. లైను దొరకనప్పుడు ఆపరేటరు చెయ్యగలిగింది ఒక్కటే ఉంటుంది. అవతలి మనిషిని మాట్లాడిస్తూ ఉండడం.

"నా మాటకేం గాని బాబూ," అంది సూరాంబ, "మీరు బాగున్నారా?"

కృపానిధి గారు మొహమాటంగా నవ్వాడు. ఆయనా ఈ జిల్లాలోనే పుట్టాడు.

"ఏం బాగమ్మా," అన్నాడు. "ఏదో ఇలా ఉన్నాను."

వెనక వరసలవాళ్ళు లేచి చూశారు.

"చెయ్యేమైంది?" అంది సూరాంబ.

"భుజం పట్టేసిందమ్మా. చొక్కా వేసుకోవడం కూడా ఇంకొకరి పనే. రాత్రిళ్ళు ఆ పక్కకి తిరగలేను, ఈ పక్కకి తిరిగితే ఆయాసం. ఏం తిన్నా అరగదు. తినకపోతే షుగరు పడిపోతుంది. రిటైరయ్యాక..." ఆయన ఆగాడు. "రిటైరయ్యాక ఈ మాట నన్నెవరూ అడగలేదమ్మా. అందర్నీ నేనే అడుగుతున్నాను."

"వావిలాకు వేసి కాచిన నీళ్ళతో కాపడం పెట్టించండి!" అని మూడో వరసలోంచి ఎవరో అరిచారు.

"వావిలాకు కాదు, ఆముదం!" అంది నాంచారమ్మ.

"నాకూ అంతే సార్, క్లచ్ తొక్కీ తొక్కీ నొప్పి నడుం దాకా పాకింది," అని లూకయ్య లేచాడు. లేస్తూ "ప్రభువా" అన్నాడు.

దాంతో కట్ట తెగింది. కొన్ని నెలలుగా ఆపుకున్నదంతా బయటికొచ్చింది. మోకాళ్ళు, నడుములు, చెవుల్లో హోరు, అరికాళ్ళ మంటలు. ఎవరి పక్కవాళ్ళతో వాళ్ళు. కృపానిధి గారు కుర్చీ ముందుకు జరుపుకుని ముందు వరసతో మాట్లాడుతున్నాడు. ఆ గోలలో టింగ్‌మని ఒక శబ్దం వచ్చింది. సుహాసిని ఫోను.

"ఏం నొక్కావ్?" అన్నాడు విశ్వంభరరావు.

"అరవై దాటినవారు పట్టణ పరిధిలో మొదటి మాట స్పష్టంగా అనకపోతే రెండోది నొక్కాలి కదండీ. సార్ అనలేదు."

"సార్‌ని నమోదు చేశావా! తీసెయ్!"

"తీయకూడదు," అన్నాడు కృపానిధి గారు తల తిప్పకుండానే. "ఆ నిబంధన నేనే రాశాను."

ఆ విధంగా కోరుమెరకలో బాగులేని వయోసంపన్నుడు ఒకడు నమోదయ్యాడు. ఆయన స్థానికుడు కాడు కాబట్టి పట్టణం మార్కుల్లోకి రాడు. నూటికి నూరు అలాగే ఉంది. ఆయన రోగి కాబట్టి ఆయన పేరు మీద ఓపీ తెరవాలి, నయమయ్యేదాకా నడపాలి. భుజం ఎప్పటికి నయమవుతుందో ఎవరూ చెప్పలేకపోయారు. విశ్వంభరరావు రెండు నిబంధనల్నీ తిరగేసి చూసి, రెండిటి కిందా సంతకం పెట్టాడు. రోగికి తోడుగా సహాయకులు రావచ్చని మూడో నిబంధనలో ఉంది. ఎంతమందన్నది అందులో లేదు.

కామేశం తిరిగొచ్చాడు. అట్టబొమ్మ వెనక గదిలోకి పోయింది, బల్ల మళ్ళీ వరండాలోకి వచ్చింది. గురువారం వరండా నిండిపోయింది.

"రోగి ఏరీ?" అన్నాడు కామేశం.

"రాలేదండీ. సహాయకులం వచ్చాం," అన్నాడు లూకయ్య.

ఒక్కొక్క సహాయకుణ్ణీ లోపలికి పిలిచి చూశాడు. సూరాంబ అంకె ఆ వారం కాస్త దిగింది, తర్వాతి వారం ఇంకాస్త దిగింది. కంప్యూటర్లో రోగి పేరు ఒక్కటే ఉన్నందువల్ల అందరి వివరాలూ కృపానిధి గారి ఖాతాలోకే వెళ్ళాయి. ఆ నెల నివేదిక ప్రకారం కృపానిధి గారికి బీపీ ఎక్కువ, బీపీ తక్కువ, రెండు కళ్ళలో నాలుగు శుక్లాలు, గర్భసంచి జారడం, ప్రోస్టేటు వాపు, క్లచ్ తొక్కడం వల్ల వచ్చిన నడుము నొప్పి ఉన్నాయి. పైన ఆ నివేదిక చదివి అబ్బురపడ్డారు. ఇన్నిటితోనూ ఒక మనిషి జీవించి ఉండి సభలకు కూడా హాజరవుతున్నాడంటే ఆరోగ్యకరమైన వార్ధక్యానికి అంతకు మించిన నిదర్శనం ఉండదని నిర్ణయించి, ఆయన్ని ‘ఆదర్శ వయోసంపన్నుడు’గా ప్రకటించారు. ఆరోగ్య రహస్యాన్ని ఒక్క వాక్యంలో రాసి పంపమని, అన్ని పట్టణాల్లోనూ గోడల మీద రాయిస్తామని ఆయన్ని కోరారు.

కృపానిధి గారు సూరాంబకి ఫోన్ చేశాడు. అప్పటికి ఆయన వారానికోసారి చేస్తున్నాడు. అయిదు నిమిషాలు భుజం సంగతి చెప్పాక అసలు సంగతి చెప్పాడు.

"ఏమని రాయమంటారమ్మా?"

"అడిగితే ఏమంటారో అదే రాయండి బాబూ," అంది సూరాంబ.

నెల తిరక్కుండా ఆ వాక్యం పట్టణాల గోడలకెక్కింది. కోరుమెరకలో విశ్వంభరరావు దగ్గరుండి రాయించాడు. ఆకుపచ్చ అక్షరాలు: ‘ఏదో ఇలా ఉన్నాను.’ ఒక్కొక్క అక్షరం మనిషంత ఎత్తుంది. పాత ఉత్తర్వు రద్దు చేస్తూ కొత్త ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట కుశలప్రశ్నలకు వయోసంపన్నులు విధిగా ఈ వాక్యమే చెప్పాలి. నిట్టూర్పు ఐచ్ఛికం. యాప్‌లో మొదటి మీట మీది అక్షరాలు మార్చారు.

సుహాసిని మళ్ళీ ఇంటింటికీ తిరిగింది.

"బాగున్నారా మామ్మగారూ?"

"ఏం బాగు తల్లీ, ఏదో ఇలా ఉన్నాను. కూర్చో."

సుహాసిని మొదటి మీట నొక్కింది. ఫోను సంచీలో పడేసి, గడప పక్కన పీట లాక్కుని కూర్చుంది.

"ఇప్పుడు చెప్పండి," అంది. "ఆ రాత్రి ఏమైందండీ?"